నాందేడులో రెండు అచ్చులు

సికింద్రాబాదు నుండి మన్మాడు వైపు సాగెడి రైలుదారి మీద నిజామాబాదు దాటిన కొంతసేపటికి గోదావరి ఎదురగును. దిగువన శ్రీరామసాగరము నిండిన యేడు ఆ నీరు బాసర వరకును ఎగదన్ని నిలిచియుండును గనుక, డిసెంబరు మాసపు సాయంకాలమున వంతెన మీదినుండి చూచువానికి ఆ తావున ప్రవాహము కాక విశాలమైన తటాకమే కన్నుల బడును. వంతెన దాటినంతనే బాసర. బాసర దాటిన పిమ్మట, గోడ గాని కంచె గాని ఎక్కడను కానరాకుండగనే, తెలంగాణము ముగిసి మహారాష్ట్రము మొదలగును. దేవగిరి ఎక్స్‌ప్రెస్సులో నా యెదుట కూర్చున్న కుటుంబమువారు నిజామాబాదులో ఎక్కినప్పుడు ఏ తెలుగు మాటలాడుచుండిరో ధర్మాబాదు దాటిన తరువాతను ఆ తెలుగే మాటలాడుచుండిరి. టీ అమ్మువానితో మాత్రము మరాఠీలో బేరమాడిరి, టికెట్లు చూచు ఉద్యోగితో హిందీలో వాదించిరి. వారు మాళెగావ్ ఖండోబా జాతరకు పోవుచున్నారట. మనవారు మల్లన్న యని కొలుచు దేవుని అక్కడ ఖండోబా యని కొలుతురనియు, మార్గశిర బహుళములో జరుగు ఆ జాతరకు గుర్రములును గాడిదలును అమ్మకమునకు వచ్చుననియు, తమ తాత ఒకప్పుడు అక్కడనే గుర్రము కొని దానిమీదనే ఇల్లు చేరెననియు ఆ యింటి పెద్ద నాకు సవిస్తరముగా చెప్పెను. ఆ గుర్రపు కథలో కొంత తాతగారి పౌరుషమును, కొంత మనుమని కల్పనయు కలసియుండవచ్చునని నాకు తోచినది గాని, రైలు ప్రయాణములో అట్టి కథలను నమ్ముటయే మర్యాద.

ఈ భూమికి సరిహద్దులు కదలుట కొత్త గాదు. నిజాము రాజ్యములో నాందేడు ఒక జిల్లా. నేడు మనము తెలంగాణపు క్షేత్రముగా నెంచు బాసర, తన తాలూకాయైన ముథోలుతోపాటు, 1956 వరకు ఆ నాందేడు జిల్లాలోనిదే. ఆ యేడు నవంబరు 1వ తేదీన భాషను బట్టి రాష్ట్రములను విభజించినప్పుడు ముథోలు ఆదిలాబాదునకు వచ్చెను, ఆదిలాబాదులోని కిన్వట్టు నాందేడునకు పోయెను. నాందేడు మొదట బొంబాయి రాష్ట్రములోను, 1960లో మహారాష్ట్రములోను చేరెను. కాగితము మీద గీత గీచినంత సులభముగా మనుష్యులు ఆ గీతకు ఇటో అటో జరుగుదురా? బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు, కిన్వట్టు ప్రాంతములలో ఇంట తెలుగును బడిలో మరాఠీని చెప్పుకొని బ్రదుకువారు నేటికిని కలరు. రైల్వేవారిది మరియొక వలస. నాందేడు రైల్వే డివిజను 2003లో ఏర్పడినప్పుడు దానిని సికింద్రాబాదు కేంద్రముగా గల దక్షిణ మధ్య రైల్వేలోనే యుంచిరి గనుక, మెదకు, కామారెడ్డి, నిజామాబాదుల నుండి ఉద్యోగరీత్యా వచ్చి, పింఛను పుచ్చుకొన్న పిమ్మటను ఊరు విడువలేక ఇచ్చటనే ఇల్లు కట్టుకొన్నవారు ఆ నగరములో కలరు. నేను ఎవరి యింటికి అతిథిగా పోవుచుంటినో ఆ బావగారు అట్టివారిలో నొకరు.

నాందేడు పేరు చెప్పినంతనే దేశమునకు స్ఫురించునది హజూర్ సాహిబు. 1708లో గురు గోవింద సింహుడు గోదావరీ తీరమున ఇచ్చటనే దేహమును చాలించెను. పంజాబు నేలిన మహారాజా రణజిత్ సింహుడు 1832కును 1837కును నడుమ నేటి మందిరమును కట్టించెను. నిజాముకు సాయముగా ఆ కాలముననే ఆయన పంపిన లాహోరీ ఫౌజులోని సైనికుల సంతతివారు తరతరములుగా దక్కనులో పెరిగి, తలపాగా పంజాబుది, నాలుక దక్కనుది యను రీతిగా నుందురు. ప్రసాదము పంచు వాకిట నాకు ముందు నిలిచిన వృద్ధుడైన సర్దార్జీ, నేను తెలుగువాడనని గ్రహించి, "హైదరాబాద్‌కెల్లి వచ్చిన్రా?" యని పలుకరించినప్పుడు నేను ఆశ్చర్యపడితిని గాని, ఆయన ఆశ్చర్యపడలేదు. ఆ వేడి వేడి కడా ప్రసాదమును చేతిలో పెట్టుకొని దాని విధానమును అడిగితిని. గోధుమపిండి, నెయ్యి, చక్కెర మూడును సమానమైన తూకమున తీసికొందురట. ఒకటి ఎక్కువ గాదు, ఒకటి తక్కువ గాదు. ఈ సమభాగపు లెక్కను పాఠకులు కొంచెము గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పని పడును.

బావగారి యిల్లు చేరునప్పటికి చీకటి పడినది. గుమ్మము మీద కాగితపు నక్షత్రము, దానిలో విద్యుద్దీపము, వాకిట ముగ్గు, ముగ్గు నడుమ రంగుపొడితో వ్రాసిన క్రిస్మస్ శుభాకాంక్షలు, అదియు మూడు భాషలలో. అక్క నా బాల్యమిత్రునికి తోబుట్టువు. అందువలన నాకును అక్కయే. ఆమె పుట్టినది మెదకులో. ఆ యూరి మహాదేవాలయమును ఎరుగని తెలుగువారు అరుదు: కరవు నాళ్లలో ఆకలిగొన్న పల్లెలకు పని కల్పింపవలెనని వెస్లియను మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర తలపెట్టిన ఆ కట్టడము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠితమైనది, దాని గోపురము ఎత్తు 175 అడుగులు. అక్క చిన్ననాట పండుగకు ముందునాడే చుట్టుప్రక్కల పల్లెలనుండి ఎడ్లబండ్లు కట్టుకొని జనము వచ్చి ఆ ఆవరణలోని చెట్లక్రింద దిగెడివారట. బండి కొక మూట, మూట కొక డబ్బా, డబ్బాలో పిండివంటలు: గరిజెలు, గవ్వలు, మురుకులు, అరిసెలు, గులాబీ పువ్వులు. కోస్తా సీమవారు కజ్జికాయ యనునదే అక్కడ గరిజె; నాందేడులో పొరుగింటి మరాఠీ యిల్లాలు దీపావళికి చేయు కరంజియు అదియే. పండుగను బట్టి ప్రార్థన మారును గాని మూకుడు మారదు. తెలుగు క్రైస్తవుని క్రిస్మసు పళ్లెమును, తెలుగు రైతు సంక్రాంతి పళ్లెమును ప్రక్కప్రక్కన నుంచిన యెడల, ఒక్క ప్లమ్ కేకు ముక్కను తీసివేసినచో, ఏది యెవరిదో చెప్పుట కష్టము.

నేను చేరిన మరునాడు గులాబీ పువ్వులు వండు దినము. ఈ వంట మన పాఠకులకు తెలియనిది కాదు. ఐనను తినుట వేరు, పొయ్యిదగ్గర పీట వేసికొని చూచుట వేరు. అక్క పెట్టెలోనుండి తీసిన అచ్చు ఇత్తడిది. చిన్న వలయము చుట్టును ఎనిమిది రేకులు, రేకులను వలయముతో కలుపు సన్నని అడ్డుకమ్ములు. నడుమ మర బిగించిన జానెడు పొడవు ఇనుపకడ్డీ. కడ్డీ కొసను చేయి కాలకుండ చుట్టిన పాత నూలుగుడ్డ. రేకుల అంచులు ఏండ్ల తరబడి నూనెలో మునిగి తేలి నునుపెక్కి నల్లబడినవి. పెండ్లినాడు తల్లి బేగంబజారులో కొని యిచ్చినదట. "అప్పటికెల్లి ఇప్పటిదాక దీన్ని సబ్బుతోని కడగలే తమ్మీ. కడిగితె మల్ల అంతా మొదటికొస్తది; గుడ్డతోని తుడుసుడే" యని ఆమె చెప్పిన మాట, ఇంటిలో సకలమును తళతళలాడునట్లు తోమించు ఆమె నోటినుండి వచ్చుటవలన నాకు మిక్కిలి వింతగా తోచినది.

పిండి ముందుగనే కలిపి యుంచినది. గ్లాసు మైదాకు అరగ్లాసు బియ్యపు పిండి, అరగ్లాసు చక్కెరపొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, నాలుగు ఏలకుల పొడి, గుప్పెడు నువ్వులు; కలుపుటకు కొబ్బరిపాలు. చక్కెర ఎక్కువైన పువ్వు నల్లబడి మెత్తపడును. గుడ్డు లేనిచో విరిగిపోవును. బియ్యపు పిండి లేనిచో కరకర యుండదు. ఆమె గరిటెను పైకెత్తి, పిండి దానిమీదనుండి జారు తీరును నాకు చూపి, "దోసెపిండి కన్న పలుచన, పాల కన్న చిక్కన" యనెను. ఈ కొలత ఏ పుస్తకములోను అంకెలకు లొంగదు.

మూకుడులో నూనె కాగినది. అచ్చును మొదట ఆ నూనెలోనే ముంచి, పిండికన్న ముందు లోహమును వేడెక్కింపవలెను. అక్క అచ్చును ఎత్తి, నూనె బొట్లను మూకుడు అంచున తట్టి, పిండి గిన్నెలో దింపెను. 'సుయ్' మనెను. ఆ శబ్దముతోనే పిండి రేకుల చుట్టును పలుచని పొరగా అంటుకొనెను. ఆమె అచ్చును పూర్తిగా ముంచలేదు. రేకుల పై యంచు వ్రేలి గోరంత బయట మిగిలియుండెను. "గొంతుదాకనే ముంచాలె. తల మునిగిందంటె పువ్వు అచ్చును ఇడవది" యని ఆమె ఆ పని చేయుచునే చెప్పెను. వంటయంతయు ఆ గోరంత జాగాలో నున్నది. పిండి పై యంచును కప్పివేసెనా, లోహము దానిలో చిక్కువడి, వేగిన పిమ్మట దానిని విరుగగొట్టక గాని వేరుచేయుట పొసగదు. కప్పకున్నచో, నూనెలో రెండు నిమిషములు మెల్లగా ఆడించునప్పటికి, పిండి తనంతట తాను గట్టిపడి, లోహమును వదలి, పువ్వై క్రిందికి జారును. అచ్చు చల్లగా నున్నను పిండి పట్టదు, మితిమీరి కాగినను పట్టదు. కనుక ఒక్కొక్క పువ్వుకును నడుమ అచ్చును నూనెలో ఎంతసేపు నిలుపవలెనో చేతికి తెలియవలెను. మొదటి పువ్వు మూడు ముక్కలై వచ్చెను, రెండవది అచ్చును విడువలేదు. అక్క వాటిని లెక్కపెట్టలేదు. సన్నని పుల్లతో ఊడదీసి ఒక పళ్లెములో వేయగా, బావగారు ఆ పళ్లెమును మారుమాటలేక తన ప్రక్కకు లాగుకొనెను. ఆ యింటిలో అది ఏటేటి యేర్పాటని తెలిసినది. తరువాత చేయి కుదిరినది. ఒకటి నూనెలో తేలుచుండగనే మరియొకటి పిండిలో సుయ్యనుచుండెను.

మధ్యాహ్నమునకు రెండవ అచ్చు వచ్చినది. అక్క పెద్దకూతురు అమెరికాలో మిన్నియాపొలిస్ నగరమున కంప్యూటరు ఉద్యోగిని; సెలవు పెట్టి పండుగకు వచ్చి, సామానులో గుడ్డ చుట్టి భద్రముగా తెచ్చిన యొక పనిముట్టును, "మామా, ఇదేందో చెప్పు సూద్దాం" అని నా ముందుంచినది. రెండు గుండ్రని లోహపు పళ్లెములు, ఒక్కొక్కటి అరచేతికన్న కొంచెము వెడల్పు. వాటిని ఒక ప్రక్క కీలు కలుపుచున్నది, రెండవ ప్రక్క రెండు పొడవైన పిడులు. పళ్లెముల లోపలివైపున తీగలును పూవులును చెక్కబడియున్నవి. పొయ్యి మీద నుంచుటకు వేరుగా ఒక లోహపు వలయము. ఆ వలయములో పిడిని త్రిప్పినంతనే పళ్లెము బోర్లపడి రెండవ వైపును నిప్పునకు చూపును. ఇదియే నార్వేవారు క్రిస్మసునాళ్లలో క్రుమ్‌కాకె అను పలుచని పొరబిస్కత్తును కాల్చెడి ఇనుము.

నార్వేకును మిన్నియాపొలిస్‌కును గల సంబంధము అల్పమైనది కాదు. 1825లో స్తవాంగర్ రేవునుండి రెస్టౌరేషన్ అను చిన్న ఓడలో 52 మంది అమెరికాకు బయలుదేరి, దారిలో ఒక శిశువు జన్మింపగా, 53 మందియై న్యూయార్కున దిగిరి. తరువాతి నూరేండ్లలో ఎనిమిది లక్షలమంది వరకు ఆ దారినే పోయిరి; అప్పటి నార్వే జనసంఖ్యను తలచినచో దేశమునకు దేశమే ఓడ యెక్కినంత పని. వారిలో అనేకులు మిన్నెసోటా రాష్ట్రమున భూములు పట్టిరి. పంట వేసిన చోట పండుగ వచ్చును, పండుగ వచ్చిన చోట పిండివంట వచ్చును. నార్డిక్ వేర్ అను సంస్థ 1946లో ఆ నగరపు పరిసరముననే పుట్టినది. నేడు దానిని కేకు పాత్రలకు పేరుపొందిన సంస్థగా లోకమెరుగును గాని, అది మొట్టమొదట పోతపోసి యమ్మిన సరకులలో ఈ క్రుమ్‌కాకె ఇనుమును, పువ్వు అచ్చును ఉండెను. అవును, పువ్వు అచ్చే. కడ్డీ కొసన రేకుల వలయము, దానిని కాగిన నూనెలో ముంచుట, పిండిలో ముంచుట, మరల నూనెలో వదలుట: మెదకునుండి వచ్చిన అక్క ఉదయమున చేసిన పనిని, నార్వే గ్రామముల ఇల్లాండ్రు రొసెట్‌బాకెల్స్ అను పేర ఏటేట చేయుదురు. పై యంచు మునుగరాదను సూత్రముతో సహా సమస్తమును ఒక్కటే.

మిన్నియాపొలిస్‌లో అమ్మాయి యింటి ప్రక్క నున్న నార్వే సంతతికి చెందిన వృద్ధురాలొకతె ఈమెకు ఈ వంట నేర్పినదట. క్రిస్మసునకు ఏడు రకముల పిండివంటలు చేయని యిల్లు యిల్లు గాదని ఆ దేశమున పాతకాలపు పట్టింపు. ఏ యేడు రకములన్న విషయమై మాత్రము ఇంటింటికి తగవే. క్రుమ్‌కాకె, దీర్ఘచతురస్రపు ఇనుములో కాల్చెడి గోరో, చిన్నచిన్న గిన్నెలలో ఒత్తి కాల్చు సాన్‌కాకెర్, నూనెలో వేయించు ఫాట్టిగ్‌మన్, ఇట్లు ఆ జాబితా పెరుగును. వీనిలో ఇనుమునందు కాలు వంటలకు మధ్యయుగపు దేవాలయములలో పుట్టుక కలదు: ప్రభుభోజనమునకు వలయు పలుచని అప్పమును, సిలువ గుర్తులు చెక్కిన రెండు ఇనుప పలకల నడుమ పిండిని ఒత్తి కాల్చెడివారు. ఆ పలకల పనివారే తరువాత గృహస్థుల కొరకు తీగలు, సింహములు, ఇంటిపేర్లు చెక్కిన ఇనుములను చేసిరి; దేవునికి ఉప్పు లేని చప్పిడి పిండి చాలినది గాని, మనుష్యునకు చక్కెరయు వెన్నయు వలసివచ్చినవి.

అమ్మాయి త్రాసు తెప్పించినది. ఒక పళ్లెములో మూడు గుడ్లు పెట్టి, అవి యెంత తూగునో అంత చక్కెర, అంత వెన్న, అంత మైదా. నేను ఉలికిపడి, "ఇది హజూర్ సాహిబు లెక్క గదా!" యంటిని. ఆమె నవ్వి, నార్వేలో పాతవారందరును ఇట్లే గుడ్డునే తూకపురాయిగా నుంచుకొందురని చెప్పెను. తూనికరాళ్లు కొనలేని పల్లెటింటికి ఇంతకన్న నమ్మదగిన కొలత వేరొకటి లేదు: కోడి చిన్న గుడ్డు పెట్టిన వంట చిన్నదగును, పెద్ద గుడ్డు పెట్టిన పెద్దదగును, రుచి మాత్రము తప్పదు. గురుద్వారమునందలి సమభాగమునకు కారణము వేరు కావచ్చును. పంక్తిలో హెచ్చుతగ్గులు లేనట్లే పాత్రలోను లేకుండుట భక్తులకు మనోహరముగా నుండును. ఐనను రెంటిని ప్రక్కప్రక్కన జూచినవానికి వంటింటి లెక్కలు ఎంత తక్కువ దారులలో నడచునో తెలియును.

ఇనుము రెండు వైపుల కాగినది. అమ్మాయి చిన్న చెంచాడు పిండిని నడుమ వేసి, పై పళ్లెమును మూసి, పిడులను నొక్కినది. అంచులవెంట ఆవిరి చీలికలై వెడలెను. వెన్న, ఏలకులు కలసిన పరిమళము వంటిల్లు దాటి వాకిటికి పోయినది. పదునైదు లెక్కించి త్రిప్పినది, మరల పదునైదు లెక్కించి తెరచినది. లోపల బంగారు వన్నె గల పలుచని చక్రము, దానిమీద ఇనుములోని తీగలన్నియు ఉబ్బెత్తుగా అచ్చుపడి కనిపించెను. ఇక జాగు చేయరాదు. ఆ చక్రము వేడిగా నున్నంతసేపే వంగును. రెండు మూడు గుక్కల ఊపిరి తీసినంతలో బిగిసికొని, వంచినచో పగులును. అందుకై కొయ్యతో చేసిన శంఖాకారపు దండమును ఆ దేశమున వాడుదురు. అమ్మాయి దానిని మాత్రము మిన్నియాపొలిస్‌లోనే మరచి వచ్చినది. బావగారు తన ఉద్యోగపు రోజుల చాకచక్యమంతయు చూపి, క్యాలెండరు అట్టను గొట్టముగా చుట్టి దారముతో కట్టి యిచ్చిరి. అది వేడికి చెమర్చి నాలుగవ చక్రమునకే మెత్తబడినది. అప్పుడు అక్క మారు పలుకక అప్పడాల కర్రను తెచ్చి కూతురి చేతిలో పెట్టినది. ఆ కర్ర మీద చుట్టిన క్రుమ్‌కాకె శంఖము కాక గొట్టమైనది. నార్వేవారు ఒప్పుకొందురో లేదో కాని, తినుటకు ఏ లోపమును లేదు. పైగా అక్క వానిలో కొబ్బరికోరు, బెల్లము కలిపిన గరిజెల పూర్ణమును కూరి చూచినది. ఆ ప్రయోగము నా యభిప్రాయమున అనవసరము. ఆ పలుచని పొరకు పూర్ణపు బరువు కిట్టదు, తడి తగిలినంతనే మెత్తబడును. నార్వేవారు సైతము మీగడ నురుగును తినబోవు క్షణముననే నింపుదురు గాని ముందుగా నింపరు. నేనీ మాటను పైకి అనలేదు, అమ్మాయి అనెను. "అమ్మా, అన్నిట్ల బెల్లం కూరుడేనా?" యని.

"మరేంది, వట్టిదే తింటరా వాళ్లు?" యని అక్క తల్లడిల్లెను.

నాకు ఈ అచ్చుల భూగోళము మీదికి మనసు పోయినది. పువ్వు అచ్చు ఒక్క నార్వేదియు, ఒక్క తెలుగు క్రైస్తవులదియు కాదు. కేరళమున అది అచ్చప్పమై క్రైస్తవ గృహములలో వేగును. సింహళమున కొకిస్ యను పేర బౌద్ధులును హిందువులును ఏప్రిలు మాసపు కొత్త సంవత్సరమున చేసికొందురు. మలయా దేశమునందును ఇండోనేషియాలోను, సయాములోను కలదు. పారసీకమున కిటికీ రొట్టె యను నర్థమిచ్చు నామముతో నౌరోజు వేళలందు కనిపించును. మెక్సికోలో మరల క్రిస్మసునకే వచ్చి చేరును. తూర్పుదేశములలో ఈ స్థలములన్నియు ఒలందా కంపెనీ ఓడలు పోయిన రేవుల వెంట నుండుటను చూచి, వారే తెచ్చిరని చెప్పువారు కలరు. సింహళపు పేరు ఆ వాదమునకు బలమిచ్చును. పారసీకమును, మెక్సికోను ఆ వాదము ఏమి చేయునో వారే చెప్పవలెను. నాకు మాత్రము ఎవరిది ముందు అను వ్యాజ్యములో ఆసక్తి తక్కువ. పిండిని మనుష్యులు చేతులతో చేరవేయలేరు, అది పురుగుపట్టును. వంట పద్ధతిని మాటలతో చేరవేయలేరు, అది మారిపోవును. కాని ఇనుము పెట్టెలో పట్టును, చెడదు, కూతురికి ఇచ్చుటకు వీలైనది. అత్తవారింటికి పోవు పిల్ల వెంట, రేవు దాటు వలసదారు వెంట, బదిలీపై పోవు ఉద్యోగి భార్య వెంట పోయినది ఈ అచ్చే. రాజులు, కంపెనీలు, మిషనులు తమ తమ చరిత్రలను వ్రాయించుకొనిరి. అచ్చును పెట్టెలో సర్దుకొన్న ఇల్లాలిని గూర్చి ఎవరును వ్రాయలేదు గనుకనే మనము పిండివంటలకు కులగోత్రములు వెదకుచు తిరుగుచున్నాము.

ఇక ఏలకుల సంగతి. అమ్మాయి మిన్నియాపొలిస్ నుండి ఒక చిన్న సీసాలో ఏలకుల పొడి కూడ తెచ్చినది. ఏలకులు లేక క్రుమ్‌కాకె లేదని ఆ వృద్ధురాలు మరీ మరీ చెప్పినదట. ఏలకి పెరుగుటకు ఉష్ణదేశపు నీడయు వానయు వలయును. నార్వేలో మొలకెత్తుట కల్ల. కాని ఆ చలిదేశములవారు శతాబ్దములుగా తమ రొట్టెలలోను బిస్కత్తులలోను ఏలకిని వాడుచు, అది తమ అమ్మమ్మల సొత్తే యని నమ్ముదురు. మన పడమటి కనుమలలో పుట్టిన ఆ గింజ ఎన్ని ఓడలు మారి ఉత్తరధ్రువపు పొరుగునకు పోయినదో! నేడు లోకపు విపణికి అత్యధికముగా ఏలకులు పంపునది మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశము గనుక, ఆ సీసాలోని పొడి అక్కడిదే యైయుండవచ్చును. అక్క ఆ సీసా మూత తీసి వాసన చూచి, ముఖము ముడుచుకొని, తన పోపులపెట్టెలోని పచ్చని కాయలను నాలుగు దంచి పిండిలో కలిపినది. ఇడుక్కి కొండల సరకు బోడినాయకనూరు వేలములు దాటి నాందేడు వజీరాబాదు కిరాణాకొట్టు వరకు వచ్చినది; దాని ముందు ఆ సీసా పొడికి తలయెత్తు ధైర్యము లేకపోయినది. కూతురు ఎదురు చెప్పక ఒప్పుకొనెను.

సాయంకాలమునకు స్టీలు డబ్బాలలో కాగితములు పరచి, గులాబీ పువ్వులను ఒకదానిపై నొకటి పేర్చి, పైని క్రుమ్‌కాకెలను వేరుగా సర్దిరి. ఈ రెంటికిని గాలి తగులరాదు. తగిలిన యెడల మెత్తబడును. పంపకములకై పళ్లెములు సిద్ధమైనవి: ఎడమ ప్రక్క మరాఠీ ఉపాధ్యాయుని యిల్లు, ఎదుట సిక్కుల యిల్లు, మూలమీద తెలుగు పద్మశాలీల యిల్లు, పై అంతస్తున ముస్లిము పడుచు జంట. దీపావళికి ఎడమ ప్రక్కనుండి కరంజీలు, చక్లీలు వచ్చినవి. ఈద్‌కు పై అంతస్తు నుండి షీర్ ఖుర్మా వచ్చినది. పళ్లెమును వట్టిగా తిరిగి పంపరాదను నియమము ఈ సందులో అందరికిని సమానమే. ఉపాధ్యాయుని భార్య క్రుమ్‌కాకె నొకదానిని కొరికి చూచి, ఇది ఏ ఊరి వంట యని మరాఠీలో అడిగెను. నార్వే అని అమ్మాయి చెప్పగా, ఆమె క్షణమాలోచించి, అది ఎటువైపు, పర్భణీ అవతలనా యని ప్రశ్నించెను. అమ్మాయి పటము గీచి చూపుటకు సిద్ధపడినది గాని, అక్క "అవునక్కా, ఇంకా దూరమే" యని మరాఠీలోనే ముగించినది.

రాత్రి యువజనులు క్యారల్సు పాడుచు ఇల్లిల్లు తిరిగివచ్చిరి. డోలక్ ఒకటి, గిటారు ఒకటి. ఒక పాట మరాఠీలో, ఒక పాట తెలుగులో. వారికి పెట్టిన పళ్లెము నిమిషములో ఖాళీయైనది. నార్వే గొట్టములను వారు ముందు అనుమానముగా చూచి, తరువాత వానినే మొదట తినిరి. ఒక పిల్లవాడు దానిని కంటికి పెట్టుకొని దూరదర్శినివలె త్రిప్పి చూచి మరీ తినెను.

పండుగ దాటిన పిమ్మట ప్రయాణపు సర్దుబాట్లలో అచ్చుల తగవు వచ్చినది. అమ్మాయి తన క్రుమ్‌కాకె ఇనుమును తల్లికి విడిచి, తల్లి ఇత్తడి అచ్చును తనతో తీసికొనిపోవ దలచినది. అక్కడ దొరకునది అల్యూమినియపు పోత, ఇంత వేడిని నిలుపుకొనదని ఆమె వాదము. వాదములో న్యాయము లేకపోలేదు: ఇత్తడి బరువైనది, ఒకసారి కాగినచో త్వరగా చల్లారదు, పువ్వు పువ్వుకును మరల మరల కాచు పని తగ్గును. బావగారు కూతురి పక్షము వహించిరి. నేను అతిథిని గనుక ఏ పక్షమును వహింపలేదు.

"ఇయ్య" అని అక్క ఒక్కమాట యనెను. "హైదరాబాద్‌కెల్లే కద నీ విమానం? పోయెటప్పుడు బేగంబజారుల దిగి కొత్తది కొనుక్కో, ఇత్తడిదే అడుగు. తెచ్చినంక రాత్రంత నూనెల నానవెట్టు. తెల్లారి అదే నూనెల ఒక గంట సన్న మంట మీద కాగనియ్యి. మొదటి పది పదిహేను పూలు రావు. రాకుంటె నాకు ఫోన్ చెయ్యకు, పదహారోది చెయ్యి."

"విరిగినయి ఎవరు తింటరు అక్కడ?" అని అమ్మాయి అడిగెను.

"మీ నాయన వీసా తీసుకుంటడు" అని అక్క, బావగారి వైపు చూడకయే, డబ్బా మూత బిగించినది.